వాలాండర్‌కి ఆ ముగింపు న్యాయమేనా? (చివరి పుస్తకం చదవనివాళ్లు లోపలికి రావద్దు, కథంతా బయటపడుతుంది)

అర్ధరాత్రి_చదువరి
నిన్న 'ద ట్రబుల్డ్ మ్యాన్' పూర్తిచేశాను. ఇంకా కోపం తగ్గలేదు. 1991లో వచ్చిన మొదటి నవల నుంచి 2009లో వచ్చిన ఈ చివరిదాకా స్వీడన్ పోలీసు డిటెక్టివ్ కర్ట్ వాలాండర్ వెంట నడిచాను. ఆ మనిషికి రచయిత హెన్నింగ్ మాంకెల్ పెట్టని కష్టం లేదు. కథ మొదలయ్యేసరికే భార్య మోనా వదిలేసి వెళ్లిపోయింది. కూతురు లిండా పదిహేనేళ్లకే ఆత్మహత్యకు ప్రయత్నించింది. తండ్రి జీవితాంతం మొహం తిప్పుకునే ఉన్నాడు. గురువులాంటి రీడ్‌బెర్గ్ క్యాన్సర్‌తో పోయాడు. పక్క సీట్లో కూర్చునే స్వెడ్‌బెర్గ్ హత్యకు గురయ్యాడు. తాగుడు, షుగర్, ఒంటరితనం. ఇవన్నీ భరించాం. తీరా చివరి పేజీలో పొడిపొడి మాటలతో అల్జీమర్స్ అని తేల్చేసి పుస్తకం మూసేశాడు! హత్య కేసులు పట్టుకునే మనిషికి ఉన్న ఒకే ఒక్క ఆస్తి బుర్ర. దాన్ని కూడా లాక్కోవాలా? అసలు డిటెక్టివ్ అనగానే ఇల్లు కూలిపోయి ఉండాలన్న రూలు ఎవరు పెట్టారు? సంతోషంగా ఉన్నవాడు హంతకుణ్ణి పట్టుకోలేడా?

వెన్నెల_పుస్తకం
సంతోషంగా ఉన్నవాడు సాయంత్రం అయిదింటికి ఇంటికెళ్లిపోతాడు కదా, హంతకుడు తప్పించుకుంటాడు 😀

పాతపుస్తకాల_పిచ్చి
ఆ రూలు మాంకెల్ పెట్టింది కాదు. స్వీడన్‌లోనే ఆయనకు ముందు, నవలల్లో మార్టిన్ బెక్ అనే డిటెక్టివ్ ఉన్నాడు. షోవాల్, వాలూ జంట 1965 నుంచి 1975 దాకా పది నవలలు రాశారు. బెక్‌కి ఎప్పుడూ కడుపులో బాగుండదు, జలుబు, కాపురం చల్లబడిపోయి ఉంటుంది. మాంకెల్ ఆ దారిలోనే వచ్చాడు, ఆ సంగతి దాచుకోలేదు కూడా.

కాకపోతే ఆయన మొదలుపెట్టిన చోటు వేరు. ఆఫ్రికాలో చాలాకాలం ఉండి స్వీడన్ తిరిగి వచ్చేసరికి విదేశీయుల మీద ద్వేషం పెరిగిపోయి కనిపించింది. దాని గురించి రాయాలనుకున్నాడు. దానికి నేరం కావాలి, నేరానికి పోలీసు కావాలి. అలా పుట్టాడు వాలాండర్. ఇంటిపేరు టెలిఫోన్ డైరెక్టరీలోంచి తీశాడు. మొదటి నవల 'ఫేస్‌లెస్ కిల్లర్స్'లో ముసలి రైతు దంపతుల మీద దాడి జరుగుతుంది. భార్య ప్రాణం పోయేముందు 'విదేశీ' అన్న ఒక్క మాట అంటుంది. అది పత్రికలకు పొక్కుతుంది, శరణార్థుల మీద దాడులు మొదలవుతాయి, ఏ పాపం తెలియని సోమాలియా మనిషి చనిపోతాడు. దేశం బాగా లేదు, ఆ దేశాన్ని చూస్తున్న మనిషీ బాగా లేడు. ఆ రెండూ ఒకటే కథ. కష్టాలు పైన అద్దిన రంగు కాదు.

ఖాకీ_ఇంటి_పిల్ల
మా నాన్న ఇదే పనిలో ఉండి రిటైరయ్యారు. అందుకని పుస్తకాల్లో కష్టాలు ఎక్కువయ్యాయని ఎవరైనా అంటే నాకు వింతగా ఉంటుంది. నిజానికి తాగుడు, గొడవలు పెద్ద విషయం కాదు. వాలాండర్‌లో నన్ను పట్టేసింది వేరే. ముక్కూమొహం తెలియని సాక్షి గొంతులో చిన్న తడబాటు కూడా అతనికి దొరికిపోతుంది. లిండా ఫోన్ చేసినప్పుడు మాత్రం ఆమె ఏం చెప్పాలనుకుంటోందో పెట్టేసేదాకా తట్టదు. మా ఇంట్లో అచ్చం అంతే. శ్రద్ధంతా ఆఫీసులోనే ఖర్చయిపోయేది. ఇంటికొచ్చేసరికి మిగిలేది మౌనం. నాన్న చెడ్డవారు కాదు. ఖాళీ అయిపోయి వచ్చేవారు.

నల్లపిల్లి
అందరూ జాలిపడుతున్నారు, నేను పడను. మొదటి పుస్తకంలోనే మాల్మోలో మోనాని కలిసి, తప్పతాగి, కారు నడుపుకుంటూ తన ఊరు ఈస్టాడ్ వస్తాడు. దారిలో ఆపింది ఎవరు? అతని కింద పనిచేసే పేటర్స్, నోరెన్. ఏం చేశారు? జాగ్రత్తగా ఇంటి దగ్గర దింపి నోరు మూసుకున్నారు. తాగి నడపడం అంటే స్వీడన్ ఊరుకోదు. రక్తంలో ఆల్కహాల్ పరిమితిని 1990లో వెయ్యికి 0.5 వంతు నుంచి 0.2 వంతుకు దించేసిన దేశం. ఆ కథ జరిగేదీ ఆ ఏడాదే. అదే పని ఒక లారీ డ్రైవర్ చేసుంటే ఇదే వాలాండర్ లోపలేసేవాడు. ఇది కష్టం కాదు, నేరం. హీరో కాబట్టి మనం కష్టం అంటున్నాం.

ఆ తర్వాత వచ్చే మహిళా ప్రాసిక్యూటర్ సంగతి కూడా చెప్పండి. మద్యం మత్తులో ఆమె మీద చెయ్యి వేయబోతాడు. స్వీడన్‌లో పెద్ద కేసుల్లో దర్యాప్తును నడిపించేది ప్రాసిక్యూటరే. అంటే తన పై అధికారి లాంటి మనిషితో!

అర్ధరాత్రి_చదువరి
@నల్లపిల్లి గారు, అది నిజమే, కాదనను. కానీ మాంకెల్ దాన్ని వెనకేసుకు రాలేదు కదా. మర్నాడు వాలాండర్ సిగ్గుతో చచ్చిపోతాడు, ఇద్దరు కుర్రాళ్ల ముందు తలెత్తలేకపోతాడు.

నల్లపిల్లి
సిగ్గుపడితే శిక్ష పడినట్టా? ఉద్యోగం ఉంది, జీతం వస్తోంది. ఇదంతా కప్పిపుచ్చిన డిపార్ట్‌మెంట్ 'ఫైర్‌వాల్'లో చెంపదెబ్బ విషయంలో మాత్రం అతన్ని అనుమానిస్తుంది. నాకు అది తలకిందుల న్యాయం అనిపించింది.

సుధ_చదువుతోంది
చెంపదెబ్బ ఏంటి? నేను 'ఫైర్‌వాల్' చదవలేదు.

పాతపుస్తకాల_పిచ్చి
పద్నాలుగేళ్ల అమ్మాయి, టాక్సీ డ్రైవర్ హత్య కేసులో దొరుకుతుంది. ఠాణాలో తల్లిని కొడుతుంటే వాలాండర్ ఆపబోయి చెంప మీద ఒక్కటిస్తాడు. సరిగ్గా ఆ క్షణానికి ఒక ఫొటోగ్రాఫర్ అక్కడుంటాడు. మర్నాడు పేపర్లో ఫొటో మాత్రమే ఉంటుంది, ముందు జరిగింది ఉండదు. అంతకంటే పెద్ద దెబ్బ ఏమిటంటే, ఏళ్ల తరబడి పక్కన పనిచేసిన మార్టిన్సన్ ఇదే సందని వెనక నుంచి గోతులు తవ్వుతుంటాడు. శత్రువు చేతిలో ఓడిపోవడం ఒక ఎత్తు, రోజూ కాఫీ తాగే మనిషి చేతిలో ఓడిపోవడం ఇంకో ఎత్తు.

నల్లపిల్లి
ఆ మార్టిన్సన్ విషయంలో మాత్రం నేనూ వాలాండర్ పక్షమే. తాగి బండి నడిపింది మాత్రం వదలను.

స్టెతస్కోప్
నేను డాక్టర్ని, జబ్బుల గురించి రెండు మాటలు. షుగర్ ఎలా వచ్చిందో మాంకెల్ స్వయంగా చెప్పాడు. డాక్టరైన స్నేహితురాలిని 'ఇలా బతికే మనిషికి నువ్వు ఏ జబ్బు ఇస్తావు?' అని అడిగితే ఆవిడ తడుముకోకుండా డయాబెటిస్ అందట. వేళకి తిండి లేదు, తిన్నా రోడ్డు పక్క దొరికేదే, నిద్ర లేదు, కదలిక లేదు. నా దగ్గరికొచ్చే పోలీసులు, షిఫ్టుల్లో పనిచేసేవాళ్లు చాలామంది ఇంతే. 'వన్ స్టెప్ బిహైండ్'లో ఎప్పుడూ దాహం, అస్తమానం బాత్‌రూమ్, కాళ్లల్లో పట్టులేని అలసట. జబ్బు పేరు రాకముందే నేను పట్టేశాను.

ఇక అల్జీమర్స్. అది ఊడిపడింది కాదు. తండ్రికి అదే జబ్బని 'సైడ్‌ట్రాక్డ్'లోనే తెలుస్తుంది. కన్నవాళ్లకు ఉంటే పిల్లలకు రిస్క్ కొంత పెరుగుతుంది, తప్పకుండా వస్తుందని కాదు. చివరి పుస్తకం మొదట్లోనే సర్వీస్ తుపాకీని రెస్టారెంట్‌లో మరిచిపోయి వస్తాడు. అందరూ తాగుడు వల్ల అనుకుంటారు. అతనూ అలాగే అనుకోవాలని చూస్తాడు. తర్వాత ఉన్నట్టుండి ఎక్కడున్నానో తెలియని క్షణాలు. రోగుల ఇళ్లల్లో నేను చూసేది సరిగ్గా ఇదే వరస: మొదట ఒక సాకు, తర్వాత ఇంకో సాకు, చివరికి భయం. షుగర్ పడిపోయినా మనిషి అయోమయంలో పడతాడు కాబట్టి షుగరున్నవాళ్లలో ఇది మరింత ఆలస్యంగా బయటపడుతుంది. మాంకెల్ పాఠకుణ్ణి మోసం చెయ్యలేదు. చుక్కలన్నీ ముందే పెట్టాడు.

అర్ధరాత్రి_చదువరి
@స్టెతస్కోప్ గారు, ఆ తుపాకీ సంగతి నేను కూడా తాగుడు ఖాతాలోనే వేశాను. ఇప్పుడు మొదటి అధ్యాయాలు మళ్లీ తిరగేయాలి.

రిటైర్డ్_మాస్టారు
తండ్రి గురించి ఎవరూ సరిగ్గా మాట్లాడలేదు. నాకు ఈ సిరీస్ మొత్తంలో హత్యలు పక్కనపెడితే తండ్రీకొడుకుల కథే ముఖ్యం. ముసలాయన లోడెరుప్‌లో ఉంటాడు, జీవితమంతా ఒకే బొమ్మ వేస్తాడు. అదే అడవి, అదే సాయంత్రపు వెలుగు. ముందు భాగంలో అడవికోడి ఉంటుంది, లేదా ఉండదు. అంతే తేడా. వాలాండర్ చిన్నప్పుడు పెద్దపెద్ద అమెరికన్ కార్లలో బేరగాళ్లొచ్చి ఆ బొమ్మలు కట్టలుగా కొనుక్కుపోతుంటే కొడుకు పక్కన నిలబడి చూసేవాడు. కొడుకు పోలీసు ఉద్యోగంలో చేరాడని తండ్రి క్షమించడు. కారణం మాత్రం చెప్పడు. కొడుకూ గట్టిగా అడగడు.

మొదటి పుస్తకంలో ఒక రాత్రి ఆ పెద్దాయన పైజమాతో, చేతిలో సూట్‌కేసుతో బురద పొలంలో నడిచిపోతూ దొరుకుతాడు. ఎక్కడికంటే ఇటలీకి అంటాడు. అప్పుడది మతిభ్రమణం అనుకుంటాం. 'ద ఫిఫ్త్ ఉమన్'కి వచ్చేసరికి తండ్రీకొడుకులిద్దరూ నిజంగానే రోమ్ వెళ్లొస్తారు. అక్కడ ఒక రాత్రి తండ్రి చప్పుడు చెయ్యకుండా హోటల్లోంచి బయటికెళ్తాడు. కొడుకు దూరంగా, కనపడకుండా వెంట నడుస్తాడు. స్పానిష్ మెట్ల మీద కూర్చుంటాడు, ట్రెవి ఫౌంటెన్ దగ్గరికి వెళ్తాడు, తిరిగి గదికి వచ్చేస్తాడు. ఎందుకు వెళ్లావని కొడుకు అడగడు. ముసలాయనకు తన ఏకాంతం తనకు ఉండనిస్తాడు. జీవితమంతా అనుమానితుల వెనక నడిచిన మనిషి, ఒక్కసారి ప్రేమతో ఒకరి వెనక నడిచాడు. అదే పుస్తకంలో తండ్రి చనిపోతాడు. ఆ ప్రయాణం జరక్కపోయి ఉంటే ఆ చావు చదవలేకపోయేవాణ్ణి.

అల్జీమర్స్ తండ్రి నుంచి కొడుక్కి వచ్చిన ఆస్తి అని నేననుకుంటాను. బొమ్మలు, మొండితనం, ఇది.

వెన్నెల_పుస్తకం
మాస్టారూ, ఆ రోమ్ పేజీలు నేను రెండుసార్లు చదివి మా అన్నయ్యకి కూడా బలవంతంగా చదివించాను. ఇంతకీ మీ గోడకు తగిలించుకోవాల్సి వస్తే కోడి ఉన్న బొమ్మా, లేనిదా?

రిటైర్డ్_మాస్టారు
ఉన్నదే. అంత పెద్ద అడవిలో ఒక ప్రాణి ఉండాలి కదమ్మా.

స్రవంతి_కె
అందరి మాటలూ బాగున్నాయి, కానీ చుట్టూ ఉన్న ఆడవాళ్ల లెక్క ఎవరు తీస్తారు? మోనా ఎందుకు వెళ్లిపోయిందో మనకి వాలాండర్ నోటి నుంచే తెలుస్తుంది. చివరి పుస్తకంలో ఆమె తాగుడుకు బానిసై కనిపిస్తుంది. అతను తాగితే ఆ బాధను పుస్తకం నిండా చదివాం, ఆమెది కొన్ని పేజీలు. లాత్వియా రాజధాని రీగాలో భర్తను పోగొట్టుకున్న బైబా లీపా పెళ్లికి ఒప్పుకోలేదని ఇతను ఏళ్ల తరబడి కుమిలిపోతాడు. ఒక పోలీసు భర్తను పాతిపెట్టిన మనిషి ఇంకో పోలీసును ఎందుకు చేసుకుంటుంది? ఆ మాట అతని బుర్రకు ఎక్కడానికి ఎంతకాలం పట్టిందో! చివరికి ఆమె క్యాన్సర్‌తో వచ్చి వీడ్కోలు చెప్పి వెళ్తుంది, కారు గోడకు గుద్దుకుని చనిపోతుంది.

అతని సహోద్యోగి ఆన్-బ్రిట్ హోగ్లుండ్‌ని చూడండి. ఇద్దరు పిల్లలు, ఎప్పుడూ ఇంట్లో ఉండని భర్త, ఠాణాలో మగవాళ్ల గొణుగుడు, 'ద ఫిఫ్త్ ఉమన్'లో తుపాకీ గుండు. అయినా మర్నాటి మీటింగ్‌కి సిద్ధంగా ఉంటుంది. అదే ఉద్యోగం, అవే శవాలు. 'కల్లోల జీవితం' అన్న బిరుదు మాత్రం వాలాండర్‌కే.

ఖాకీ_ఇంటి_పిల్ల
స్రవంతి అక్కా, మా అమ్మ ఈ పోస్ట్ చదివితే మీకు దండం పెడుతుంది.

పాతపుస్తకాల_పిచ్చి
@స్రవంతి_కె న్యాయమైన మాట. మాంకెల్‌కీ అది తెలుసని నాకనిపిస్తుంది, అందుకే 2002లో 'బిఫోర్ ద ఫ్రాస్ట్' లిండా వైపు నుంచి రాశాడు. ఆమె అప్పటికే పోలీసు శిక్షణ పూర్తిచేసి ఉంటుంది. కూతురి కళ్లలోంచి చూస్తే మన హీరో చిరాకు మనిషి, అరుస్తాడు, వస్తువులు విసురుతాడు. లిండాతో ఇంకా పుస్తకాలు రాయాలనుకున్నాడు. టీవీలో లిండాగా వేసిన యోహన్నా సాల్‌స్ట్రోమ్ 2007లో చనిపోయాక ఆపేశాడు.

తెర_ముందు
టీవీ మాట వచ్చింది కాబట్టి: స్వీడిష్‌లో ముందు రోల్ఫ్ లాస్‌గోర్డ్, తర్వాత క్రిస్టర్ హెన్రిక్సన్ వేశారు, బీబీసీలో 2008 నుంచి 2016 దాకా కెన్నెత్ బ్రానా. బ్రానా కళ్లు చూస్తే మూడు రోజులుగా నిద్రపోలేదని నమ్మేస్తాం. కానీ ఆయన వాలాండర్ ప్రతి సీన్‌లో ఏడుపు అంచున ఉంటాడు. పుస్తకంలో మనిషి అలా ఉండడు, కోపం ఎక్కువ, మొరటు. నాకు హెన్రిక్సన్ ఇష్టం, ఆ పొడి మొహం వెనక ఏముందో వెతుక్కోవాలి.

సుధ_చదువుతోంది
లాస్‌గోర్డే నా ఓటు. ఆ శరీరం, ఆ ఆయాసం, అతనికి షుగర్ ఉందంటే వేరే రుజువు అక్కర్లేదు.

తెర_ముందు
బ్రానా వెర్షన్‌లో తండ్రిగా వేసిన డేవిడ్ వార్నర్ కోసమైనా చూడండి మాస్టారూ.

రిటైర్డ్_మాస్టారు
చూస్తాను.

నల్లపిల్లి
అసలు ప్రశ్నకు వస్తే, నాకు కూడా ముగింపు నచ్చలేదు, కారణం వేరు. ఒక మనిషి చేసిన పనులకు చివర్లో లెక్క తేలాలి. 'ద వైట్ లయనెస్'లో పొగమంచులో ఒకణ్ణి కాల్చి చంపాడు. ఆత్మరక్షణే, ఒప్పుకుంటాను. దాని బరువు అతను మొయ్యాలి. జబ్బు వచ్చి అన్నీ చెరిపేస్తే ఇక మోసేదెవరు? రచయితకు ఇంకో పుస్తకం రాయకుండా తలుపు మూసుకోవాలని ఉంది, జబ్బు గడియలా పనికొచ్చింది. 2013లో స్వీడన్‌లో వచ్చిన చిన్న నవల కూడా పాత కాలపు కథే, ముగింపు తర్వాతది కాదు.

పాతపుస్తకాల_పిచ్చి
అతను ఆ బరువు మొయ్యలేదా? 'ద మ్యాన్ హూ స్మైల్డ్' గుర్తు చేసుకోండి. ఆ కాల్పుల తర్వాత ఏడాదికి పైగా సెలవు. తాగుతూ దేశాలు పట్టి తిరుగుతాడు. డెన్మార్క్ కొసన స్కాగెన్ సముద్రపొడ్డున ఒంటరిగా నడుస్తూ, ఇక పోలీసుగా ఉండలేనని నిర్ణయించుకుంటాడు. తెలిసిన లాయర్ అక్కడిదాకా వచ్చి, నాన్న చావులో ఏదో తేడా ఉంది, సాయం చెయ్యమని అడుగుతాడు. చెయ్యనంటాడు. కొద్దిరోజులకే ఆ లాయర్ హత్య. రాజీనామా పత్రం మీద సంతకం పెట్టాల్సిన రోజున ఉద్యోగంలో తిరిగి చేరిపోతాడు. ఆ తిరిగిరావడం ధైర్యం కాదు, అప్పు తీర్చుకోవడం. ఆ పైన రాసిన పుస్తకాలన్నీ నా లెక్కలో ఆ అప్పులోనివే. ఎంత మోశాడో చూశాక ఇంకా లెక్క తేలాలంటే నేను ఒప్పుకోను.

నల్లపిల్లి
స్కాగెన్ భాగం గొప్పగా ఉంటుంది, అది కాదనలేను. ముగింపు మీద నా మాట నాదే.

ఖాకీ_ఇంటి_పిల్ల
ఆ చివరి పేజీలో మాంకెల్ ఏమన్నాడో మళ్లీ చూడండి. ఇకపై మిగిలిన ఏళ్లు వాలాండర్‌వి, లిండావి, మనవరాలు క్లారావి, ఇంకెవరివీ కావని ఆ మాటల సారం. నాకు అది శిక్షలా అనిపించలేదు. మొదటిసారి ఆ మనిషిని ఇంటికి పంపించారు, వెనకాల ఎవరూ రాకూడదని తలుపు వేశారు. పాఠకులు కూడా బయటే.

మా నాన్నకు అలా తలుపు వేసినవాళ్లు లేరు. రిటైరయ్యాక కూడా ఎక్కడ కనిపిస్తే అక్కడ ఆపి, ఫలానా కేసులో అసలేం జరిగింది సార్ అని అడిగేవాళ్లు. పెళ్లిళ్లలో, ఆస్పత్రి వరండాలో కూడా. ఆయన మర్యాద కోసం చెప్పేవారు, ఆ రాత్రి నిద్రపోయేవారు కాదు. నేను పక్కన ఉంటే వాళ్లను తరిమేసేదాన్ని. మిగిలిన కొద్దికాలంలోనే మేమిద్దరం కాస్త మాట్లాడుకున్నాం. క్లారాకి, లిండాకి ఆ కాలాన్ని మాంకెల్ ఎవరికీ చూపించకుండా ఇచ్చేశాడు. ఆయనకు నేను కృతజ్ఞురాలిని.

అర్ధరాత్రి_చదువరి
@ఖాకీ_ఇంటి_పిల్ల మీరు చెప్పింది ఒప్పుకుంటూనే ఒక మాట. లిండా వైపు నుంచి అది బహుమతి కావచ్చు. వాలాండర్ వైపు నుంచి? ఆ కాలం అతనికి గుర్తుండదు కదా. ఇన్నేళ్లూ ఇంటికి రాలేని మనిషి వచ్చేసరికి ఇల్లు ఏదో తెలియకుండా పోతే నేను సంతోషించలేను. కోపం తగ్గింది, బాధ ఉండిపోయింది.

స్టెతస్కోప్
గుర్తుండకపోయినా ఆ పూట హాయిగా ఉండటం ఉంటుంది. మనుషుల పేర్లు పోయాక కూడా ఎవరి దగ్గర భయం లేదో వాళ్లకు చాలాకాలం తెలుస్తుంది. ఇది ఓదార్పు కోసం చెప్పట్లేదు, రోజూ చూస్తున్నాను.

అర్ధరాత్రి_చదువరి
ఈ మాట పుస్తకంలో ఎవరైనా వాలాండర్‌కి చెప్పి ఉంటే బాగుండేది.

కొత్తగా_చేరాను
హెచ్చరిక చూడకుండా మొత్తం చదివేశాను. ముగింపు తెలిసిపోయినా ఇప్పుడు చదవాలనే ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి? ఇంగ్లీషులోనే చదవగలను.

పాతపుస్తకాల_పిచ్చి
'ఫేస్‌లెస్ కిల్లర్స్'తో మొదలుపెట్టి స్వీడిష్‌లో వచ్చిన వరసలోనే వెళ్లండి. ఇంగ్లీషు అనువాదాలు వరస తప్పి వచ్చాయి. 1994 నాటి 'ద మ్యాన్ హూ స్మైల్డ్' ఇంగ్లీషులో 2005కి గానీ రాలేదు, అందుకని కవర్ లోపల ఉన్న అనువాదం సంవత్సరాన్ని నమ్ముకోకండి. 'ద పిరమిడ్'లో అతని కుర్రతనపు కేసులున్నాయి, 1969లో మాల్మోలో బీట్ తిరిగే రోజుల నుంచి. అయినా దాన్ని ముందు చదవొద్దు, 'ఫైర్‌వాల్' తర్వాత చదవండి.

నల్లపిల్లి
'ద డాగ్స్ ఆఫ్ రీగా' దగ్గర కాస్త నెమ్మదిస్తుంది, అక్కడ వదిలేయకండి.

స్రవంతి_కె
వదిలేస్తే బైబా తెలియదు. ఓపిక పట్టండి.